చంపినవాడి కెమెరా



2021 ఏప్రిల్‌లో ఒక విదేశీ వార్తాసంస్థ కొన్ని రంగుల ఫొటోలు ప్రచురించింది. కంబోడియాలో ఖ్మేర్ రూజ్ పాలనలో, జైల్లో పెట్టి చంపేసినవాళ్ళ ముఖాలవి. అసలు ఫొటోలు నలుపు తెలుపువి. ఐర్లండ్‌కు చెందిన ఒక కళాకారుడు కంప్యూటర్ మీద వాటికి రంగులద్దాడు. అంతటితో ఊరుకుంటే గొడవ అంత పెద్దదయ్యేది కాదేమో గాని, కొందరి పెదవులు సవరించి చిరునవ్వులు కూడా పెట్టాడు. కంబోడియా భగ్గుమంది. చనిపోయినవాళ్ళ బంధువులు నిలదీశారు. అక్కడి సాంస్కృతిక శాఖ వాటిని తీసెయ్యమని గట్టిగా చెప్పింది. ఆ సంస్థ తీసేసి విచారం ప్రకటించింది.

ఆ కళాకారుడిది చెడ్డబుద్ధి అని నేననను. పోయినవాళ్ళకు కాస్త జీవకళ తెద్దామనుకున్నాడు కాబోలు. కాని ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే ఆ పని చేసేవాడు కాదు. ఫొటోలో ఉన్న ఆ అమ్మాయి ఎవరివంక చూస్తోంది? ఎదురుగా కెమెరా పట్టుకుని నిలబడ్డవాడు జైలు మనిషి. కళ్ళకు కట్టిన గంతలు అప్పుడే విప్పారు. ఒంటిమీద ఒక అంకె తగిలించారు. తానెక్కడికి వచ్చిందో ఆమెకు తెలియదు. ఫొటో తీసేవాడికి తెలుసు. ఆ గేటు లోపలికి వచ్చినవాళ్ళు మళ్ళీ ఇంటికి వెళ్ళరనీ తెలుసు. ఇవాళ మనం ఆ ఫొటో చూస్తున్నామంటే ఆ ఫొటోగ్రాఫర్ నిలబడ్డ చోటే నిలబడి చూస్తున్నాం.

నరమేధాల గురించి కవిత్వం, చిత్రకళ, సినిమా ఏం చెప్పగలవని ఆలోచించినప్పుడల్లా నా మనసు ఈ చోటు దగ్గరే ఆగుతుంది. చంపేవాడి దగ్గర కెమెరా ఉంటుంది, కాగితం ఉంటుంది, సంతకం పెట్టే అధికారం ఉంటుంది. చచ్చేవాడి చేతులు కట్టేసి ఉంటాయి. అందుకే తర్వాత మిగిలే దస్తావేజుల్లో చాలా భాగం చంపినవాడి వైపు నుంచి చూసినవే. కళ చెయ్యగలిగిన పెద్ద పని మనల్ని ఆ చోటు నుంచి లేపి అవతలి పక్కకు తీసుకుపోవడం. మనచేత కంటతడి పెట్టించడం అంత కష్టమేం కాదు, సామాన్యమైన సినిమా కూడా ఆ పని చేస్తుంది.

కథ తెలియనివారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను. 1975 ఏప్రిల్ 17న పోల్ పాట్ నాయకత్వంలోని ఖ్మేర్ రూజ్ సేనలు రాజధాని నాంపెన్‌లోకి వచ్చాయి. అమెరికా విమానాలు బాంబులెయ్యబోతున్నాయి, మూడు రోజులు ఊరు విడిచి వెళ్ళి రండి అని చెప్పి, దాదాపు 20 లక్షలమంది ఉన్న నగరాన్ని ఖాళీ చేయించారు. ఆస్పత్రి మంచాలమీద ఉన్న రోగులను కూడా వదల్లేదు. డబ్బు రద్దు, బడి రద్దు, గుడి రద్దు, బజారు రద్దు. చదువుకున్నవాడని తెలిస్తే ప్రాణానికే ముప్పు. జనమంతా పొలాల్లో, కాలవ తవ్వకాల్లో, నల్ల బట్టల్లో. 1979 జనవరి 7న వియత్నాం సైన్యం నాంపెన్ చేరేదాకా ఇదే బతుకు. కంబోడియావాళ్ళు ఈ కాలాన్ని మూడేళ్ళ ఎనిమిది నెలల ఇరవై రోజులు అని రోజులతో సహా చెబుతారు. ఆకలికి, రోగాలకు, చాకిరీకి, హత్యలకు పోయినవాళ్ళు సుమారు 17 లక్షల నుంచి 20 లక్షలు. దేశంలో ప్రతి నలుగురైదుగురిలో ఒకరు.

చట్టం మాట కూడా ఒకటి ఉంది. ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో అక్కడ ఏర్పడ్డ న్యాయస్థానం 2018 నవంబరులో ఇచ్చిన తీర్పులో జాతిహననం అన్న నేరం వియత్నామీయుల విషయంలోనూ చామ్ ముస్లింల విషయంలోనూ రుజువైందంది. పోయినవాళ్ళలో ఎక్కువమంది ఆ దేశపు ప్రధాన జాతి అయిన ఖ్మేర్లే అయినా వాళ్ళ చావులు వేరే నేరాల కిందికి వచ్చాయి. కవులు, చిత్రకారులు ఈ గీత పట్టించుకోలేదు. ఈ కాసేపు మనమూ పట్టించుకోవద్దు.

నాంపెన్‌లో ఒక హైస్కూలును ఖ్మేర్ రూజ్ జైలుగా మార్చింది. దాని రహస్య నామం ఎస్-21. ఇప్పుడది తువోల్ స్లెంగ్ మ్యూజియం. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. జైలు పెద్ద పేరు డుచ్, అంతకుముందు లెక్కల మాస్టారు. లెక్క తప్పని మనిషి. వచ్చిన ప్రతివాడికీ ఫొటో తీయించాలి, పుట్టుపూర్వోత్తరాలు రాయించాలి, కొట్టి కొట్టి నేరం ఒప్పించి అదీ రాయించి దాచాలి. ఫొటోలు తీయడానికి చైనాలో తర్ఫీదు పొందిన కుర్రాణ్ణి పెట్టారు. అక్కడ చనిపోయినవాళ్ళు 12 వేలకు పైమాటే అని కోర్టు తేల్చింది. ప్రాణాలతో బయటపడ్డవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళలో ఒకరు వాన్ నాత్.

బట్టంబాంగ్ పట్నంలో సినిమా పోస్టర్లు, దుకాణాల బోర్డులు వేసుకు బతికిన చిత్రకారుడాయన. ఫ్లెక్సీలు రాకముందు మన ఊళ్ళలో సినిమా హాలు ముందు కటౌట్లు వేసిన ఆర్టిస్టులను తలుచుకోండి, అలాంటి మనిషి. 1978 జనవరిలో ఆయన్ని ఎస్-21కి తీసుకొచ్చారు. మొదట్లో అందరితోపాటు నేలమీద వరసగా పడుకోబెట్టి, ఒకే ఇనుప కడ్డీకి కాళ్ళు బిగించారు. తిండి కొన్ని చెంచాల గంజి. పక్కవాడు చనిపోతే ఆ శవం పక్కనే పడుకోవాలి. పైనుంచి దీపం పురుగులు రాలితే కాపలావాడు చూడకుండా నోట్లో వేసుకునేవాళ్ళమని ఆయన తర్వాత చెప్పారు. కొన్నాళ్ళకు ఒకరోజు పిలిచి, ఒక ఫొటో చేతిలో పెట్టి, దీన్ని చూసి బొమ్మ వెయ్యమన్నారు. ఆ ఫొటోలో ఉన్నదెవరో నాత్‌కి తెలియదు. అది పోల్ పాట్. బొమ్మ నచ్చింది. చంపాల్సినవాళ్ళ జాబితాలో ఈయన పేరు దగ్గర, వాడుకోవడానికి ఉంచమని డుచ్ రాశాడు. అదే జాబితాలోని మిగతా పేర్ల పక్కన ఆ రాత లేదు.

అలా ఏడాదిపాటు అదే ముఖాన్ని మళ్ళీ మళ్ళీ వేస్తూ బతికారు. బయటికొచ్చాక భార్య దొరికింది. కొడుకులిద్దరూ లేరు. ఆ తర్వాత ఆ జైలును మ్యూజియం చేస్తూ కొత్త ప్రభుత్వం పిలిస్తే అదే భవనంలోకి మళ్ళీ వెళ్ళి కుంచె పట్టారు. ఈసారి లోపల చూసింది వేశారు. ఇది రేడియో గనక ఆ బొమ్మలు మీ ముందు పెట్టలేను. ఒకదాంట్లో పెద్ద గది, రెండు వరసల్లో ఎముకలగూళ్ళలాంటి మనుషులు, కాళ్ళన్నీ ఒకే కడ్డీకి. ఇంకోదాంట్లో మనిషిని బల్లకు కట్టి ముఖంమీద నీళ్ళు పోస్తున్నారు. ఇంకోదాంట్లో తల్లి చేతుల్లోంచి పసిబిడ్డను లాక్కుంటున్నారు.

కళావిమర్శకులు వీటిని చూసి కొంచెం ఇబ్బంది పడతారు. గీత మొరటు, రంగులు ముదురు, పోస్టరు చెయ్యి ఎక్కడికక్కడ కనబడుతూనే ఉంటుంది. నాకు మాత్రం ఆ పోస్టరు చెయ్యే ఈ బొమ్మలకు బలం అనిపిస్తుంది. రోడ్డు అవతల నడిచిపోయే మనిషికి కూడా ఒక్క చూపులో కథ అర్థమయ్యేలా వెయ్యడం ఆ వృత్తి నేర్పే విద్య. చదువు రానివాళ్ళు, బడిపిల్లలు, ఖ్మేర్ భాష రాని విదేశీయులు, ఎవరైనా సరే ఆ బొమ్మ ముందు నిలబడితే వివరణ అక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ గదిని ఖైదీ వైపు నుంచి చూపించే ఫొటో ఒక్కటీ లేదు. జైలు కెమెరా ముఖాన్ని తీసింది గాని, ముఖానికి ఏం జరుగుతుందో తియ్యలేదు.

ఇక్కడ న్యాయంగా ఒక సందేహం వస్తుంది. ఇవన్నీ ఆయన కళ్ళారా చూశారా? లేదు. కొన్ని చూసినవి, కొన్ని తోటి ఖైదీలు చెప్పినవి, కొన్ని గోడ అవతలి కేకలు విని ఊహించినవి. 2009 జూన్‌లో డుచ్ మీద విచారణలో నాత్ సాక్ష్యం చెప్పినప్పుడు ఈ సంగతి దాచలేదు. కోర్టుకి ఏది చూశావు, ఏది విన్నావు అన్న తేడా ప్రాణం. అది ఉండాల్సిందే. కాని కళ్ళకు గంతలు కట్టుకుని పడి ఉన్నవాడి అనుభవంలో సగం వినికిడే కదా! అంతకు ఎన్నో ఏళ్ళ ముందు, రిథీ పాన్ అనే దర్శకుడు సినిమా తీస్తుండగా, నాత్‌కు ఆ జైల్లో పనిచేసిన ఒక మాజీ కాపలావాడు ఎదురుపడ్డాడు. నాత్ అతన్ని ఒక్కో బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, ఇది నిజమా, నేనేమైనా ఎక్కువ చేశానా అని అడిగారు. ఎక్కువేం లేదు, ఇంతకంటే ఘోరమైనవి ఉన్నాయన్నాడు అతను. నరమేధం మీద వచ్చిన కళకు ఇంతకుమించిన సమీక్ష ఇంకెక్కడైనా ఉందా అని అనుమానం.

ఆ రోజు రిథీ పాన్ తీస్తున్న సినిమా పేరు బొఫానా. ఆ కథ మనకు ఇంకోరకంగా దగ్గర. హౌత్ బొఫానా చదువుకున్న అమ్మాయి. భర్త ఖ్మేర్ రూజ్‌లోనే పనిచేసేవాడు. ఇద్దర్నీ వేరువేరు చోట్ల ఉంచారు. ఆమె అతనికి దొంగచాటుగా ఉత్తరాలు రాసింది. ప్రేమలేఖలు. విప్లవం మీద తప్ప ఇంక దేనిమీదా ప్రేమ ఉండకూడదన్న కాలంలో ఆ రాతలు రాజద్రోహం. ఆ ఉత్తరాల్లో ఆమె తనను తాను సీతగా చెప్పుకుంది. అక్కడి రామాయణం పేరు రియామ్‌కేర్. అంకోర్‌వాట్ గోడలమీద చెక్కిన కథ, వాళ్ళ నాట్యంలో ఆడే కథ. మొగుడికి దూరమై, శత్రువుల మధ్య ఒంటరిగా ఉన్న ఆడపిల్ల తన దుఃఖానికి పేరు వెతుక్కుంటే ఆమెకూ మన ఆడవాళ్ళకు తట్టే పేరే తట్టింది. 1976లో ఇద్దర్నీ పట్టుకున్నారు. సి.ఐ.ఏ. గూఢచారినని ఆమెచేత మళ్ళీ మళ్ళీ రాయించారు. 1977 మార్చిలో చంపేశారు. అప్పటికి ఆమెకు పాతికేళ్ళు.

ఆ ఉత్తరాలు మనకెలా దక్కాయి? జైలు దస్త్రంలో నేరానికి సాక్ష్యంగా దాచారు గనక. అమెరికన్ పాత్రికేయురాలు ఎలిజబెత్ బెకర్ ఆ దస్త్రం చదివి తన పుస్తకంలో బొఫానా కథ రాసింది. దాన్ని పట్టుకుని పాన్ 1996లో సినిమా తీశాడు. గోడమీద వేల ఫొటోల్లో ఒకటిగా ఉన్న ముఖం, ఆ ఉత్తరాలు చదివాక మారిపోతుంది. ఆ మెడ కాస్త ఎత్తి చూడడంలో పొగరుందని అప్పుడు గమనిస్తాం. రంగులద్దే పని, చిరునవ్వు అతికించే పని ఏమీ లేకుండానే.

రిథీ పాన్ సంగతి చెప్పాలి. నాంపెన్‌లో పుట్టాడు. తండ్రి విద్యాశాఖలో పనిచేసిన మనిషి. ఊరు ఖాళీ చేయించినప్పుడు పాన్ చిన్నపిల్లవాడు. తల్లిదండ్రులను, తోబుట్టువులను, అయినవాళ్ళను పోగొట్టుకుని 1979లో థాయిలాండ్ శిబిరానికి, అక్కణ్ణుంచి ఫ్రాన్సుకి చేరాడు. పారిస్‌లో సినిమా చదువుకున్నాడు. 2003లో ఎస్-21 మీద తీసిన డాక్యుమెంటరీలో వాన్ నాత్‌నీ, అప్పటి కాపలావాళ్ళనీ అదే భవనంలో ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. నాత్ గొంతు పెంచరు. అడుగుతారు, ఆగుతారు, మళ్ళీ అడుగుతారు. ఆ ఓపిక చూస్తే మనకే భయం వేస్తుంది.

అందులో ఒక దృశ్యం ఉంది. ఒక కాపలావాడు, ఆ ఉద్యోగంలోకి వచ్చేనాటికి పిల్లవాడే, తను రోజూ చేసిన పని చేసి చూపిస్తాడు. గది ఖాళీ. అయినా తాళం తీస్తాడు, లోపలికి వెళ్తాడు, లేని ఖైదీని గద్దిస్తాడు, నీళ్ళిస్తాడు, డబ్బా పెడతాడు, తాళం వేస్తాడు. నోటితో చెప్పమంటే తడబడే మనిషి, ఒంటితో చెప్పమంటే ఒక్క కదలిక కూడా మరవలేదు. కెమెరా మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, అతని వెనకాల లోపలికి వెళ్ళదు. వెళితే నేలమీద పడుకున్న ఖైదీలను తొక్కినట్టవుతుందని పాన్ చెప్పాడు. మొదట అన్నానే, మనం నిలబడే చోటు అని. దాన్ని ఒక దర్శకుడు అడుగుల లెక్కన తేల్చుకోవడం నేను ఇక్కడే చూశాను.

పదేళ్ళ తర్వాత, 2013లో, తన సొంత కథకు వచ్చాడు. ‘ది మిస్సింగ్ పిక్చర్’ అని ఇంగ్లిషు పేరు. కాన్ ఉత్సవంలో ‘అన్ సెర్టెన్ రిగార్డ్’ విభాగంలో మొదటి బహుమతి వచ్చింది, ఆస్కార్ తుది పోటీకీ వెళ్ళింది. తన బాల్యం తాలూకు ఫిల్ము లేదు. ఉన్నదల్లా ప్రభుత్వం తీసిన ప్రచార చిత్రాలు, అందులో జనం చీమల బారుల్లా మట్టి మోస్తుంటారు, దేశం వెలిగిపోతుంటుంది. నటులను పెట్టి తీయొచ్చు, పాన్‌కి అది నచ్చలేదు. బంకమట్టితో బొమ్మలు చేయించాడు. సరిత్ మాంగ్ అనే శిల్పి వాటిని చెక్కి రంగులు వేశాడు. ఆ బొమ్మలు కదలవు. చేతులూపవు, పెదవులు కదపవు. కెమెరా వాటి మధ్య తిరుగుతుంది. అందరూ నల్లబట్టల్లో ఉంటే, పిల్లవాడైన పాన్ బొమ్మకు మాత్రం రంగుల చొక్కా.

ఆ సినిమాలో తండ్రి చావు ఉంది. పశువులకు పెట్టే తిండి నేను తిననని ఆ పెద్దమనిషి అన్నం మానేసి చనిపోయాడు. అంత్యక్రియలు చేసే వీల్లేదు. ఆ రాత్రి తల్లి, ఆయనకు జరగాల్సిన అంత్యక్రియ ఎలా ఉండేదో పిల్లలకు మాటల్లో చెప్పింది. మనకు పాడె, కుండ, దింపుడుకళ్ళం ఎంత ముఖ్యమో తెలిసినవాళ్ళం గనక ఆ రాత్రి ఆమె ఏం చేసిందో అర్థం చేసుకోగలం. కర్మకాండ మొత్తాన్ని నోటిమాటగా జరిపించింది. నన్నడిగితే ఆ రాత్రి అక్కడ పుట్టింది కవిత్వమే.

కవిత్వం అన్నాం గనక ఊ సామ్ ఓయూర్ గురించి చెప్పాలి. 1960లలో అమెరికా వెళ్ళి అయోవాలో కవిత్వ రచనలో పట్టా తీసుకుని స్వదేశానికి తిరిగొచ్చిన కవి. ఖ్మేర్ రూజ్ వచ్చాక అక్షరం ముక్క రానివాడిలా నటించి ఒక శిబిరం నుంచి ఇంకో శిబిరానికి మారుతూ బతికాడు. కవి తనకు చదువు రాదని నటించాలి, అదీ ఏళ్ళ తరబడి. 1976లో భార్యకు కవల ఆడపిల్లలు పుట్టారు. పురుడు పోసినవాళ్ళే ఆ పసికందులను చంపేశారు. దాన్ని ఆయన తర్వాత పద్యం చేశాడు. ఆయన కవితలు ఇంగ్లిషు అనువాదంతో ‘సేక్రెడ్ వౌస్’ అన్న పేరుతో 1998లో వచ్చాయి. ఆయన వాటిని సంప్రదాయ ఖ్మేర్ బాణీల్లో రాగం తీసి పాడేవాడు. పురిటింటి చీకట్లో జరిగినదానికి కెమెరా లేదు, దస్త్రం లేదు, వాన్ నాత్ లాంటి చిత్రకారుడూ లేడు. తండ్రి నోట మాట తప్ప సాక్ష్యమేదీ లేదు.

కవితకు సామగ్రి అక్కర్లేదన్నదానికి ఇంకో దేశం ఉదాహరణ ఒకటి చెప్పి ముందుకెళ్తాను. హంగరీ యూదు కవి మిక్లోష్ రాద్నోతిని 1944 నవంబరులో, బందీలను నడిపించుకుపోతుండగా, నడవలేకపోతున్నాడని కాల్చి గుంటలో వేశారు. 1946లో గుంట తవ్వితే ఆయన కోటు జేబులో చిన్న నోటుపుస్తకం, అందులో చివరి కవితలు. ఇది దొరికినవాళ్ళు ఫలానా మిత్రుడికి చేర్చండి అని మొదట్లో అయిదు భాషల్లో రాసుకున్నాడు. దొరికేది ఏ భాషవాడికో తెలియదు కదా.

కంబోడియా పేరెత్తితే లోకం మొదట తలుచుకునేది వీటిలో దేన్నీ కాదు, 1984 నాటి ‘ది కిల్లింగ్ ఫీల్డ్స్’ను. నాకు ఆ సినిమామీద గౌరవం ఉంది, ఫిర్యాదూ ఉంది. కథ అమెరికన్ విలేకరి బాధలోంచి నడుస్తుంది, చివర్లో ఇంగ్లిషు పాట వచ్చి గాయానికి తేనె రాస్తుంది. కాని అందులో ఆ విలేకరి కంబోడియన్ సహచరుడు దిత్ ప్రాన్ పాత్ర వేసిన హాయింగ్ ఙోర్ నటుడు కాదు, డాక్టరు. స్త్రీల వైద్యుడు. పొలాల్లో బందీగా ఉన్నప్పుడు భార్యకు పురుడు కష్టమైంది. తను డాక్టరునని బయటపడితే ఇద్దరికీ చావే. ఆమె అతని కళ్ళముందే పోయింది. అలాంటి మనిషి ఆ సినిమాలో నడుస్తుంటే, కథను ఎవరివైపు నుంచి రాసినా ఆయన కళ్ళు మనల్ని అవతలికి లాక్కుపోతాయి. ఆ పాత్రకు ఆస్కార్ వచ్చింది. 1996లో లాస్ ఏంజెలిస్‌లో తన ఇంటి దగ్గరే దుండగులు ఆయన్ని కాల్చి చంపారు.

కంబోడియాకు సొంత సినిమా లేక కాదు. 1960 నుంచి 1975 దాకా అక్కడ దాదాపు 400 సినిమాలు తీశారు, మిగిలినవి కొద్ది పదులే. దావీ చూ అనే యువ దర్శకుడు, అప్పటి నిర్మాత ఒకాయన మనవడు, 2011లో ‘గోల్డెన్ స్లంబర్స్’ తీశాడు. పోయిన సినిమాల కథలను చూసినవాళ్ళచేత చెప్పిస్తాడు. పాటలు కొంచెం నయం. సిన్ సిసామూత్, రోస్ సెరే సోథియా లాంటి గాయకులు ఆ నాలుగేళ్ళలో మాయమైపోయినా రికార్డులు, క్యాసెట్లు ఎక్కడెక్కడో మిగిలి, కాపీల మీద కాపీలై ఈనాటికీ ఆ దేశమంతా మోగుతున్నాయి. రేడియోలో మాట్లాడేవాణ్ణి గనక ఈ సంగతి నాకు కొంచెం గర్వంగా కూడా ఉంటుంది.

2006లో పాన్, మరికొందరు కలిసి నాంపెన్‌లో ఒక దృశ్య శ్రవణ భాండాగారం తెరిచారు. దానికి బొఫానా కేంద్రం అని పేరు పెట్టారు. ఫిల్ములు, రేడియో రికార్డింగులు, ఫొటోలు ప్రపంచమంతా వెతికి తెచ్చి అక్కడ పెడుతున్నారు. ఎవరైనా డబ్బు కట్టకుండా వెళ్ళి చూడొచ్చు, వినొచ్చు. కుర్రాళ్ళకు కెమెరా పట్టడం, సినిమా తియ్యడం అక్కడే నేర్పుతున్నారు. వాళ్ళంతా 1979 తర్వాత పుట్టినవాళ్ళే.

చూడాలనుకునేవారికి ఒక మాట. ముందు ‘ది మిస్సింగ్ పిక్చర్’ చూడండి, తర్వాత ఎస్-21 డాక్యుమెంటరీ. రెండోది ఒంటరిగా, రాత్రి పొద్దుపోయాక పెట్టుకోవద్దు. ఇంగ్లిషు సబ్‌టైటిళ్ళు ఉంటాయి, తెలుగులో నాకైతే కనబడలేదు. మన ఫిల్మ్ సొసైటీల మిత్రులెవరైనా ఆ తెలుగు మాటలు రాసి, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక ప్రదర్శన పెడితే నేను తప్పకుండా వస్తాను.